ఇంటి కంప్యూటర్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్: ఏవి వేసుకోవాలి, ఏవి అక్కర్లేదు

కంప్యూటర్ ఉన్న ఏ ఇంట్లో చూసినా అవసరాలు దాదాపు ఒకటే. పిల్లల ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చెయ్యాలి. ఏదో నోటిఫికేషన్ పడితే ఫోటో, సంతకం సైజు తగ్గించి అప్‌లోడ్ చెయ్యాలి. ఆధార్ పీడీఎఫ్ తెరవాలి. పెళ్లి వీడియో చూడాలి. ఫోన్ నిండిపోతే ఫోటోలు దించుకోవాలి. వీటిలో ఏ పనికీ రూపాయి ఖర్చుపెట్టక్కర్లేదు. అంతకంటే ముఖ్యంగా, ఏ పనికీ క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అసెంబుల్డ్ సిస్టమ్ అమ్మే షాపులో "ఆఫీస్ కూడా వేసి ఇచ్చేస్తాం" అంటే వద్దని చెప్పండి. చాలా క్రాక్‌లు పనిచెయ్యాలంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్‌ని ఆపెయ్యాలి, లేదా ఆ ఫోల్డర్‌ని స్కాన్ చెయ్యకుండా మినహాయించాలి. ఆ తర్వాత అందులోంచి ఏం లోపలికొచ్చినా అడ్డుకునేది ఉండదు. బ్యాంకు లాగిన్లు చేసేది కూడా ఆ కంప్యూటర్లోనే.

ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం నాలుగు విషయాలు చూసి ఎంచినవి. నెట్ లేకపోయినా నడవాలి. ఖాతా తెరవమని అడగకూడదు. తెలుగు అక్షరాలు, వత్తులు చెదరకుండా చూపించాలి. మన కాగితాలు మన కంప్యూటర్ దాటి బయటికి పోకూడదు. ఫీచర్లు ఎన్ని ఉన్నాయన్నది ఇంటి వాడకానికి పెద్ద లెక్కలోకి రాదు.

ఎక్కడి నుంచి దించుకోవాలి

ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. పేరు కొట్టి వెతికితే పైన "స్పాన్సర్డ్" అని కనిపించేవి ప్రకటనలు. అసలు సైటును పోలిన పేజీలు అక్కడ దొరుకుతుంటాయి. వీడియోలు చూసే వీఎల్‌సీ అసలు చిరునామా వీడియోలాన్ డాట్ ఆర్గ్. వర్డ్, ఎక్సెల్ బదులు వాడుకునే లిబ్రేఆఫీస్‌ది లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్. జిప్ ఫైళ్లు విప్పే 7-జిప్‌కి 7 తర్వాత అడ్డగీత ఉన్న డాట్ ఆర్గ్ చిరునామానే అసలుది. గీత లేనిదీ, డాట్ కామ్ అనేదీ కాదు.

దించిన ఫైలు సైజు చూస్తే సగం అనుమానం తీరిపోతుంది. లిబ్రేఆఫీస్ సుమారు 350 ఎంబీ, వీఎల్‌సీ 40 ఎంబీ పైచిలుకు, 7-జిప్ రెండు ఎంబీ లోపు. లిబ్రేఆఫీస్ పేరుతో 3 ఎంబీ ఫైలు వచ్చిందంటే అది లిబ్రేఆఫీస్ కాదు. అది ఇంకేవేవో దించే డౌన్‌లోడర్. ఇన్‌స్టాల్ చేసేముందు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో "డిజిటల్ సిగ్నేచర్స్" అన్న ట్యాబ్ చూడండి. వీఎల్‌సీకి వీడియోలాన్ అని, లిబ్రేఆఫీస్‌కి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉండాలి. 7-జిప్‌కి మాత్రం ఆ సంతకం ఉండదు కాబట్టి విండోస్ "తెలియని పబ్లిషర్" అని హెచ్చరిస్తుంది. అసలు సైటు నుంచి దించినదైతే ఆ హెచ్చరిక దాటి ముందుకెళ్లొచ్చు.

ఇదంతా తలనొప్పి అనుకునేవాళ్లకి నైనైట్ అనే సైటు ఉంది. కావలసిన వాటికి టిక్ పెడితే ఒకే చిన్న ఇన్‌స్టాలర్ ఇస్తుంది. అది ఒక్కో సాఫ్ట్‌వేర్‌ని అసలు చోటి నుంచే తెచ్చి, టూల్‌బార్లలాంటి తోకలకి "వద్దు" చెప్పి వేస్తుంది. కొన్నాళ్ల తర్వాత అదే ఫైలు మళ్లీ నడిపితే పాతబడినవన్నీ అప్‌డేట్ అవుతాయి. 7-జిప్‌కి తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఏర్పాటు లేదు కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. 24.09 కంటే పాత 7-జిప్‌లో, ఒక జిప్ లోపల ఉన్న ఇంకో జిప్ విప్పితే నెట్ నుంచి వచ్చిన ఫైలు అన్న గుర్తు పోయే లోపం ఉంది. ఆ గుర్తు లేకపోతే విండోస్ హెచ్చరించదు. ఎప్పుడో వేసిన 7-జిప్ ఉంటే దాని వెర్షన్ ఒకసారి చూసుకోండి.

లిబ్రేఆఫీస్: తెలుగు కోసం చెయ్యాల్సిన నాలుగు మార్పులు

ముందు పేరు విషయం. ఓపెన్‌ఆఫీస్, లిబ్రేఆఫీస్ ఒకటి కావు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి చీలి వచ్చింది లిబ్రేఆఫీస్. అప్పటి నుంచి పని జోరుగా సాగుతున్నది ఇందులోనే. ఓపెన్‌ఆఫీస్ ఇప్పటికీ దొరుకుతుంది, పాత వ్యాసాలు చదివి అదే వేసుకునేవాళ్లూ ఉన్నారు. కానీ అది ఈనాటి వర్డ్ ఫైళ్లను తెరుస్తుందే తప్ప ఆ రూపంలో సేవ్ చెయ్యలేదు. కాబట్టి లిబ్రేఆఫీస్ వేసుకోండి.

వేసుకోగానే తెలుగులో టైప్ చేస్తే చాలామందికి ఎదురయ్యే సమస్య ఒకటుంది. ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు మారవు, లేదా ఇంగ్లిష్ మాటలు ఒక సైజులో తెలుగు ఇంకో సైజులో వస్తాయి. ఇది లోపం కాదు. లిబ్రేఆఫీస్ మన లిపుల్ని "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" అనే వేరే తరగతిలో పెట్టి, వాటికి వేరే ఫాంటు, వేరే సైజు, వేరే భాష గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరగతికి ఏం కావాలో మనం చెప్పకపోతే తనకు తోచిన ఫాంటు వేస్తుంది.

టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరవండి. "లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్" కింద జనరల్‌లోకి వెళ్లండి. పాత వెర్షన్లలో దీని పేరు లాంగ్వేజ్ సెట్టింగ్స్. అక్కడ "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" గడికి టిక్ పెట్టి, పక్కన తెలుగు ఎంచుకోండి. ఆ తర్వాత అదే కిటికీలో లిబ్రేఆఫీస్ రైటర్ కింద "బేసిక్ ఫాంట్స్ (సీటీఎల్)" అని ఉంటుంది. అక్కడ తెలుగు ఫాంటు, సైజు ఇవ్వండి. ఇంగ్లిష్‌కి 12 ఉంటే తెలుగుకి 13 లేదా 14 పెడితే రెండూ కంటికి సమానంగా కనిపిస్తాయి. ఇక ముందు తెరిచే ప్రతి కొత్త ఫైలుకీ ఇదే వర్తిస్తుంది. ఇదివరకే ఉన్న ఫైలుకైతే మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరిచి, అందులో సీటీఎల్ భాగంలో మార్చాలి.

మూడోది, సేవ్ చేసే రూపం. లిబ్రేఆఫీస్ మామూలుగా ఓడీటీ అనే తన రూపంలో దాస్తుంది. బడికో ఆఫీసుకో పంపే ఫైలు అలా ఉంటే అవతలివాళ్లు "తెరుచుకోవట్లేదు" అంటారు. ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద జనరల్‌లో "ఆల్వేజ్ సేవ్ యాజ్" దగ్గర వర్డ్ రూపం ఎంచుకుంటే ఆ గొడవ ఉండదు. ఎక్సెల్, పవర్‌పాయింట్‌లకీ అక్కడే విడివిడిగా పెట్టాలి. ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకి తీసుకెళ్లేటప్పుడు మాత్రం వర్డ్ ఫైలు వద్దు. ఫైల్ మెనూలో పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా ఇమిడి వెళ్తుంది కాబట్టి, షాపులో మీ తెలుగు ఫాంటు లేకపోయినా అక్షరాలు చెదరవు.

నాలుగోది, ఫాంట్లు. విండోస్ 10, 11లలో తెలుగుకి నిర్మలా యూఐ మాత్రమే మొదట ఉంటుంది. పాత తెలుగు ఫైళ్లలో ఎక్కువగా వాడిన గౌతమి, దానితో పాటు వాణి కావాలంటే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" చేర్చుకోవాలి. పుస్తకాల అచ్చులాంటి అందం కోరుకునేవాళ్లకి సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. చదవడానికి మండలి, శీర్షికలకి రామభద్ర, ఆహ్వానాలకి సూరన్న లాంటివి వాడి చూడండి. వ్యాసాలకి, పొడవైన రిపోర్టులకి మాత్రం నా ఓటు నోటో సెరిఫ్ తెలుగుకే. చిన్న సైజులోనూ వత్తులు అలుక్కుపోవు.

టైపింగ్‌కి బయటి సాఫ్ట్‌వేర్ వెతకనక్కర్లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు భాష చేర్చండి. దాని ఆప్షన్స్‌లో "తెలుగు ఫొనెటిక్" కీబోర్డు కలపండి. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మధ్య మారుతుంది. "అమ్మ"ని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాస్తారో అలా కొడితే తెలుగు సూచనలు వస్తాయి. రోజుకి నాలుగు పేజీలు టైప్ చేసేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతి నేర్చుకుంటే మేలు. ఏ మీటకి ఏ అక్షరమో స్థిరంగా ఉంటుంది కాబట్టి సూచనల వైపు చూసే పని ఉండదు. ఎప్పుడో ఓసారి నాలుగు వాక్యాలు రాసుకునేవాళ్లకి ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే లేఖిని సైటు బ్రౌజర్లో తెరిస్తే చాలు.

ఇంకో చిన్న చిట్కా. "సాఫ్ట్‌వేర్" అని రాయబోతే ట కింద వ వత్తు అతుక్కుపోయి "సాఫ్ట్వేర్" అవుతుంది. ట్ తర్వాత కర్సర్ ఉంచి, ఇంగ్లిష్ కీబోర్డుకి మారి, 200సి అని ఇంగ్లిష్ అక్షరంతోనే కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ నాలుగు అక్షరాలూ మాయమై, కంటికి కనపడని విడదీసే గుర్తు అక్కడ చేరుతుంది. తర్వాత వే రాస్తే వత్తు పడదు.

లిబ్రేఆఫీస్ చేతులెత్తేసే చోట్లు కూడా చెప్పాలి. వర్డ్‌లో టెక్స్ట్ బాక్సులతో, స్మార్ట్ఆర్ట్ బొమ్మలతో కట్టిన రెజ్యూమేలు ఇందులో తెరిస్తే అటూ ఇటూ జరుగుతాయి. జీఎస్టీ రిటర్నుల కోసం ఇచ్చే మాక్రోల ఎక్సెల్ ఫైళ్లు దీనిలో నడవవు. ఆ పని ఉన్న ఇంట్లో ఎక్సెల్ కొనుక్కోవాల్సిందే. తెలుగు స్పెల్‌చెక్ ఉంది కానీ దాన్ని నమ్ముకోలేం. విభక్తి చేరినా, రెండు మాటలు కలిసినా సరైన మాట కిందే ఎర్రగీత పడుతుంది. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత డీటీపీ ఫైళ్లు ఏ ఆఫీసులో తెరిచినా పిచ్చి గుర్తుల్లానే ఉంటాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చెల్లే అక్షరాల పద్ధతి) కాదు, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి.

ఫోటో, సంతకం, పీడీఎఫ్

ఉద్యోగాల దరఖాస్తుల పుణ్యమా అని మన ఇళ్లలో ఎక్కువ వాడకం దీనికే. దీనికోసం నెట్‌లో కనిపించిన ప్రతి "రీసైజ్", "కంప్రెస్" సైటులో ఆధార్, పాన్, మార్కుల మెమోలు ఎక్కించేస్తున్నారు. ఆ కాపీ ఎక్కడ ఎంతకాలం ఉంటుందో మన చేతిలో ఉండదు. ఇంట్లోనే రెండు నిమిషాల్లో అయ్యే పనికి ఆ రిస్క్ ఎందుకు?

ఫోటోలకి ఇర్ఫాన్‌వ్యూ వేసుకోండి. ఇంటి వాడకానికి ఉచితం. షాపులో, ఆఫీసులో వాడితే లైసెన్స్ కొనాలి. బ్యాంకు ఉద్యోగాల పరీక్ష ఐబీపీఎస్ దరఖాస్తు లెక్కే తీసుకుందాం. ఫోటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. చాలామంది నేరుగా సైజు మార్చేస్తారు. దాంతో మొహం సాగిపోయి గానీ నొక్కుకుపోయి గానీ వస్తుంది. ముందు అదే నిష్పత్తిలో కత్తిరించాలి.

ఫోటో తెరిచి షిఫ్ట్, సి నొక్కండి. వచ్చిన పెట్టెలో వెడల్పు 800, ఎత్తు 920 ఇవ్వండి. ఇవి 200, 230లకి సరిగ్గా నాలుగింతలు. ఫోటో పెద్దదైతే 1600, 1840 ఇవ్వొచ్చు. తెర మీద వచ్చిన గడిని మౌస్ కుడి బటన్ పట్టుకుని మొహం మీదకి జరపండి. కంట్రోల్, వై నొక్కితే అంతవరకే మిగులుతుంది. ఇప్పుడు కంట్రోల్, ఆర్ నొక్కి 200, 230 ఇవ్వండి. ఎస్ నొక్కి కొత్త పేరుతో జేపీజీగా సేవ్ చెయ్యండి. పాత పేరే ఉంచితే అసలు ఫోటో పోతుంది. సేవ్ చేసేటప్పుడు పక్కన క్వాలిటీ స్లైడర్ కనిపిస్తుంది.

ఇక్కడ అందరూ తడబడేది పై పరిమితి దగ్గర కాదు, కింది పరిమితి దగ్గర. 200 × 230 అంటే మొత్తం 46,000 పిక్సెళ్లే. క్వాలిటీ 80లో ఉంటే ఫైలు 20 కేబీ కంటే తక్కువకి పడిపోయి వెబ్‌సైట్ తిప్పికొడుతుంది. అప్పుడు క్వాలిటీ 95కో 100కో పెంచితే చాలు, ఫోటో మళ్లీ దిగక్కర్లేదు.

పీడీఎఫ్‌లు చదవడానికి ఎడ్జ్ బ్రౌజరే సరిపోతుంది. ఫారాలు నింపడం కూడా అందులో అవుతుంది. పుస్తకాలు ఎక్కువగా చదివేవాళ్లకి సుమాత్రా పీడీఎఫ్ మంచిది. పాత కంప్యూటర్లోనూ తడబడకుండా తెరుచుకుంటుంది, ఎక్కడ ఆపారో ఆ పేజీకే తీసుకెళ్తుంది. అయితే అందులో ఫారం నింపలేం, డిజిటల్ సంతకం సరిచూడలేం. ఈ-ఆధార్ మీద పసుపు ప్రశ్నార్థకంతో "వాలిడిటీ అన్‌నోన్" అని ఉంటే దాన్ని ఆకుపచ్చ టిక్‌గా మార్చడానికి అడోబ్ రీడర్ కావాలి. ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, సంతకం ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, సర్టిఫికెట్‌ని నమ్మదగినవాటి జాబితాలో చేర్చి, మళ్లీ వాలిడేట్ చెయ్యాలి. అడోబ్ రీడర్ దించేటప్పుడు పేజీలో అదనంగా ఏవైనా ఇస్తామంటే ఆ టిక్కులు తీసెయ్యండి.

ఈ-ఆధార్ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. మన పేర్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది కదా, ఆధార్‌లో ఆ అక్షరం తర్వాత చుక్క ఉంటే ఆ చుక్క కూడా నాలుగింటిలో ఒకటి. ఖాళీ మాత్రం లెక్కలోకి రాదు. "తప్పు పాస్‌వర్డ్" అని వచ్చేది చాలాసార్లు ఇందుకే.

పేజీలు కలపడానికి, విడదీయడానికి, సైజు తగ్గించడానికి పీడీఎఫ్24 క్రియేటర్. ఇదే పేరుతో వెబ్‌సైట్ పనిముట్లు కూడా ఉన్నాయి. మీరు వేసుకోవాల్సింది విండోస్‌లో ఇన్‌స్టాల్ అయ్యేది, అది నెట్ లేకుండా నడుస్తుంది. సర్టిఫికెట్ 200 కేబీ లోపు కావాలంటే కంప్రెస్‌లోకి వెళ్లి డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) 100, రంగుల బదులు గ్రే పెట్టి చూడండి. 300 డీపీఐలో ఏ4 పేజీ అంటే 2480 × 3508 పిక్సెళ్లు. 100 డీపీఐలో 827 × 1169. అంటే తొమ్మిదో వంతు. మార్కుల మెమో అక్షరాలు అప్పటికీ చదవగలిగేలానే ఉంటాయి. సన్నటి అచ్చు ఉన్న కాగితమైతే 120, 150 వైపు జరపండి.

ఫోన్లో తీసిన నాలుగు పేజీల ఫోటోలు ఒకే పీడీఎఫ్ చెయ్యడానికైతే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు. ఫైళ్లకి 1, 2, 3, 4 అని పేర్లు పెట్టి, అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ప్రింట్ నొక్కి, ప్రింటర్‌గా "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్" ఎంచుకోండి. విండోస్ 11లో ప్రింట్ కనిపించకపోతే "షో మోర్ ఆప్షన్స్"లో ఉంటుంది. కింద "ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్" అన్న టిక్ తప్పకుండా తీసెయ్యండి. అది ఉంటే పేజీని నింపడం కోసం ఫోటో అంచుల్ని కోసేస్తుంది. స్టాంపు, సంతకం ఎక్కువగా పోయేది అలాగే.

వీఎల్‌సీ

దీని గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. 2022లో కొన్ని నెలలు మన దేశంలో వీడియోలాన్ సైటు తెరుచుకోలేదు, ఆ ఏడాది నవంబరులో అడ్డు తొలగింది. ఆ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో దించుకున్న వీఎల్‌సీ ఇంకా వాడుతుంటే తీసేసి అసలుది వేసుకోండి.

ఫోన్ వీడియోలు విండోస్ ప్లేయర్లో తెరిస్తే హెచ్‌ఈవీసీ అనే వీడియో రూపం కోసం స్టోర్లో డబ్బు కట్టమంటుంది. వీఎల్‌సీ అదేమీ అడగకుండా చూపిస్తుంది. 4కే వీడియో ఆగి ఆగి వస్తోందంటే తప్పు వీఎల్‌సీది కాదు. ఇంటెల్ 6వ తరానికి ముందు ప్రాసెసర్లకి ఆ రూపాన్ని పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి లేదు. తెలుగు సబ్‌టైటిల్స్ పిచ్చి అక్షరాల్లా వస్తే ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ భాగానికి వెళ్లి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 చెయ్యండి, ఫాంటు నిర్మలా యూఐ పెట్టండి. మాటకీ సబ్‌టైటిల్‌కీ పొంతన కుదరకపోతే జి, హెచ్ మీటలతో ముందుకీ వెనక్కీ జరపొచ్చు. పెదాలకీ గొంతుకీ కుదరకపోతే జె, కె.

బ్రౌజర్, పాస్‌వర్డ్‌లు

ఫైర్‌ఫాక్స్, దానిలో ప్రకటనల్ని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చాక పూర్తిస్థాయి యూబ్లాక్ ఆరిజిన్ అందులో పనిచెయ్యడం మానేసింది, లైట్ రూపమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పాతదే నడుస్తోంది. పేరులో "ఆరిజిన్" ఉండాలి, ఉత్త యూబ్లాక్ వేరు. నకిలీ "డౌన్‌లోడ్" బటన్లు చాలావరకు ప్రకటనలే కాబట్టి, పెద్దవాళ్లు వాడే కంప్యూటర్లో యాంటీవైరస్ కంటే దీనివల్లే ఎక్కువ మేలు అన్నది నా అభిప్రాయం.

పాస్‌వర్డ్‌లు నోట్‌ప్యాడ్‌లో రాసుకునే ఇంట్లో కీపాస్ఎక్స్‌సీ పెట్టండి. అన్నీ ఒకే తాళం వేసిన ఫైల్లో ఉంటాయి, నెట్ అక్కర్లేదు. ఆ ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకునే దారి లేదు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

బ్యాకప్: ఫ్రీఫైల్‌సింక్

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి, ఫ్రీఫైల్‌సింక్ ఒకటి. ఇంటికి ఇంతకు మించిన ఏర్పాటు అక్కర్లేదు. ఎడమ వైపు మీ ఫోటోల ఫోల్డర్, కుడి వైపు డిస్కులో ఫోల్డర్ ఇవ్వండి. ఎఫ్5 నొక్కితే తేడాలు చూపిస్తుంది, ఎఫ్9 నొక్కితే కాపీ చేస్తుంది. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన ఆండ్రాయిడ్ ఫోన్‌ని కూడా ఎడమ వైపు ఎంచుకోవచ్చు.

ప్రమాదమంతా ఏ పద్ధతి ఎంచుకుంటారన్న దగ్గర ఉంది. "మిర్రర్" అంటే కుడి వైపుని అచ్చం ఎడమ వైపులా చెయ్యడం. ఫోన్లో చోటు కోసం ఫోటోలు తీసేసి, ఆ తర్వాత మిర్రర్ నడిపితే డిస్కులో ఉన్నవి కూడా తీసేస్తుంది. ఫోన్ ఫోటోలకి "అప్‌డేట్" ఎంచుకోండి. అది కొత్తవి చేరుస్తుందే గానీ ఉన్నవి తియ్యదు. కంప్యూటర్లోని డాక్యుమెంట్లకి మిర్రర్ వాడొచ్చు, కానీ ఆకుపచ్చ గేర్ గుర్తు నొక్కి, తీసేసిన, మార్చిన ఫైళ్లకి "వర్షనింగ్" ఎంచుకుని వేరే ఫోల్డర్ ఇవ్వండి, టైమ్ స్టాంప్ పెట్టండి. వైరస్ ఫైళ్లను పాడుచేసి, మీకు తెలియక సింక్ నడిపినా, పాత కాపీలు ఆ ఫోల్డర్లో ఉంటాయి. పని అవగానే డిస్కు తీసి దాచండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే కంప్యూటర్‌కి పట్టిన రాన్సమ్‌వేర్ దానికీ పడుతుంది.

పెద్ద వీడియో కాపీ అవకుండా "ఫైల్ టూ లార్జ్" అంటే డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. లోపల ఉన్నవి వేరేచోటికి తీసి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చెయ్యండి.

దూరం నుంచి సాయం

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కంప్యూటర్‌ని హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో సరిచెయ్యడానికి విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్ చాలు. రెండు వైపులా విండోస్ మీట, కంట్రోల్, క్యూ కలిపి నొక్కాలి. సాయం చేసేవాళ్లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి కోడ్ తీసుకుని ఫోన్లో చెప్తారు. ఆ కోడ్ 10 నిమిషాలే పనిచేస్తుంది. కిటికీ మూస్తే అంతటితో సరి, తర్వాత ఎవరూ లోపలికి రాలేరు.

ఎనీడెస్క్ లాంటివి ఎప్పటికీ ఇంటి కంప్యూటర్లో ఉంచొద్దు. దాన్ని వాడి యూపీఐ మోసాలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. "కేవైసీ అప్‌డేట్" అంటూ ఫోన్ చేసినవాళ్లు ఏ యాప్ వెయ్యమన్నా వెయ్యొద్దని పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే నెట్ ఆపేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

వేసుకోనక్కర్లేనివి

రిజిస్ట్రీ క్లీనర్లు, "పీసీ బూస్టర్లు", డ్రైవర్ అప్‌డేటర్లు. డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ ఇస్తుంది, మిగతావి ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో ఉంటాయి. సి డ్రైవ్ ఎందుకు నిండిందో తెలియాలంటే విజ్‌ట్రీ నడిపి చూడండి, ఏ ఫోల్డర్ ఎంత తింటోందో క్షణాల్లో వరుసగా చూపిస్తుంది. వేరే యాంటీవైరస్ కూడా వద్దు. డిఫెండర్ చాలు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్ ఉన్నంతకాలం డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది. ట్రయల్ గడువు అయిపోయాక అది అలాగే ఉండిపోతే కాపలా సన్నగిల్లుతుంది. గడువు దాకా ఆగకుండా ముందే తీసెయ్యండి, ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సొంత కంప్యూటర్లకి నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు అందే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత, లేదా ఇప్పుడే, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ పెట్టుకోవచ్చు. 4 జీబీ ర్యామ్ ఉంటే సాఫీగా నడుస్తుంది. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా మేలు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తాయి. తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులూ దొరుకుతాయి. లేఖిని అలవాటున్నవాళ్లకి ఆర్‌టీఎస్ చేతికి వెంటనే వస్తుంది.

టాలీ, పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మీద ఆధారపడ్డ ఇల్లయితే మాత్రం మింట్ జోలికి పోవద్దు, అవి విండోస్ సాఫ్ట్‌వేర్లు. ప్రింటర్ కూడా చూసుకోవాలి. హెచ్‌పీవి ఎక్కువగా వెంటనే పనిచేస్తాయి. మన దగ్గర ఊరూరా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లాంటివి కాప్ట్ అనే కానన్ సొంత డ్రైవర్ మీద నడుస్తాయి, లినక్స్‌లో వాటిని కదిలించడం తంటాలమారి పని. అందుకే డిస్కు చెరిపే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో మింట్ ఎక్కించండి. దాని నుంచే బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా వైఫై, సౌండ్ పరీక్షించి, ప్రింటర్‌తో ఒక పేజీ ముద్రించి చూడండి. ఆ పేజీ బయటికి వచ్చాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి.